‘నాది’ అన్న కేక

గాలిలో లేచిన బంతి కింద మనవాళ్ళు ఇద్దరుంటే ఒకరు అరవాలి. ‘నాది’ అని. మా గ్రౌండులో చేరిన ఆడపిల్లలకి మొదటిరోజు నేను నేర్పేది ఆ ఒక్క మాటే. బంతి తన్నడం తర్వాత సంగతి. అరిచినవాళ్ళు వెళ్ళి తీరాలి, విన్నవాళ్ళు వదిలేసి తీరాలి. అరిచింది గోల్ కీపరైతే ఇక ఆలోచనే లేదు. డిఫెండరు తల వంచి పక్కకి తప్పుకోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే అరక్షణం పోతుంది, గోల్ పడటానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

"మరి అరిచి రాకపోతేనండి?" అని దుర్గాసాయి చేరిన కొత్తలో అడిగింది.

"రాకుండా ఎందుకుంటారమ్మా?"

"మా నాన్న వేటకెళ్తున్నానని చెప్పి పడవలో పడుకుంటాడండి ఒక్కోసారి."

పిల్లలందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. దుర్గాసాయి తండ్రి పల్లంరాజు సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, తల్లి మరిడమ్మ చేపలు అమ్ముతుంది. పిల్ల మా స్కూలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇసుకలో పరుగెత్తి పెరిగిన కాళ్ళు కావడంతో మట్టి నేల మీద ఎగిరిపోయేది. ఆమె ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. నా జీవితం మొత్తం ఆ జవాబే. కాని పిల్లలకి చెప్పే విషయం కాదనుకుని విజిల్ ఊదాను.

మా గ్రౌండు చర్చిది. ఒక పక్క చర్చి, మేం గుడి అనే అంటాం, ఒక పక్క మిషన్ హైస్కూలు, వెనక కాలవగట్టు. మండపేట వైపు నుంచి గాలి వీస్తే మిల్లుల ఊకబూడిద వచ్చి మేం వేసిన సున్నం గీతల మీద పడుతుంది. తెల్లగీత నల్లబడితే ఆ రోజు గాలి ఉన్నట్టు. నేనూ శ్యాంబాబూ ఈ గ్రౌండులోనే ఆట నేర్చుకున్నాం. వాళ్ళ నాన్న స్కూల్లో గుమాస్తా, మా నాన్న పొలం పనికి వెళ్ళేవాడు. శ్యాంబాబు గోల్‌లో నిలబడేవాడు, నేను అతని ముందు. చిన్నప్పటి నుంచి నా వీపు అతనికి తెలిసినంతగా నా ముఖం తెలియదనుకుంటాను. నాకూ అంతే. అతని ముఖం కంటే గొంతే నాకు ఎక్కువ పరిచయం.

కలకత్తా క్లబ్బొకటి మా ఇద్దరినీ ఒకే ఏడాది తీసుకుంది. గదిలో రెండు మంచాలు, కిటికీలో ఒక ఆవకాయ జాడీ. జట్టులో బెంగాలీలు, మణిపూర్ వాళ్ళు, ఇద్దరు ఆఫ్రికా వాళ్ళు. తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. అక్కడి ఆటలో ఒక మోసం ఉండేది. అవతలి జట్టువాళ్ళు మన వెనక నుంచి బెంగాలీలో ‘నాది’ అని అరిచేవాళ్ళు. మనవాడే అనుకుని మనం బంతి వదిలేసేవాళ్ళం. మా కోచ్ ఉపాయం ఆలోచించాడు. "మీ ఇద్దరూ మీ భాషలో అరుచుకోండి. దాన్ని ఎవడూ దొంగిలించలేడు" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వేలమంది అరుస్తున్న మైదానంలో నాకోసమే ఒక మాట ఉంది. అది నా వెనక నుంచి వస్తుంది. వస్తే నేను నిశ్చింతగా తల వంచొచ్చు. ఇంటికి దూరంగా ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి?

పెద్ద డివిజన్‌లోకి వెళ్తామా లేదా తేలే ఆట అది. వాన కురిసి నేల జారుతోంది. ఎడమవైపు నుంచి పొడుగు బంతి వచ్చింది. నా తలకి సరిగ్గా అందే ఎత్తు. నేను ఎగరబోతుండగా వెనక నుంచి వినిపించింది. "నాది!"

తల వంచాను. పక్కకి తప్పుకున్నాను. చేతుల్లో బంతి పడిన చప్పుడు కోసం చూశాను. రాలేదు. తిరిగి చూస్తే బంతి మెల్లగా, ఏ తొందరా లేనట్టు, గెంతుకుంటూ వలలోకి పోతోంది. శ్యాంబాబు గీత మీదే ఉన్నాడు. రెండు చేతులూ సగం ఎత్తి, నా వైపు చూస్తున్నాడు. తప్పు చేసినవాడిని చూసినట్టు.

ఆ గోల్‌తోనే ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూములో అతని పక్కన కూర్చున్నాను. "అరిచావు కదరా" అన్నాను.

"లేదురా. నేను అరవలేదు." బూటు తాడు విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "గాలికి నీకు అలా అనిపించి ఉంటుంది."

తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వేం మాట్లాడకు. మేనేజర్‌తో నేను చూసుకుంటాను."

నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడినా సాక్షి ఎవరు? ఆ మాట తెలిసిన మనిషి ఆ మైదానంలో ఇంకొకడు లేడు. మాకు కాపలా అనుకున్న భాషే నన్ను ఒంటరిని చేసింది. నేను అమ్ముడుపోయానని కొందరు, భయపడ్డానని కొందరు అన్నారు. మరుసటి ఏడాది క్లబ్బు నన్ను ఉంచుకోలేదు. శ్యాంబాబు ఉన్నాడు. అక్కణ్ణుంచి గోవా వెళ్ళాడు, ఆ తర్వాత బెంగుళూరులో గోల్ కీపింగ్ కోచ్ అయ్యాడు, పేరు వచ్చింది. నేను ఒక రైల్వే జట్టులో మోకాలు చెడేదాకా ఆడి, కోచింగు కోర్సు పూర్తిచేసి, మా మిషన్ స్కూలుకి వచ్చి చేరాను.

అతను అబద్ధమాడాడని నేను తేల్చుకుని ఉంటే బతకడం తేలికయ్యేది. తేల్చుకోలేదు. నిజంగా గాలేమో అన్న అనుమానం ఒకటి ఉండిపోయింది. ఒక మనిషికి తన చెవిని తానే అనుమానించడం ఒకసారి నేర్పితే, ఇక ఆ పని అతనే చేసుకుంటాడు, ఎవరూ దగ్గరుండక్కర్లేదు. ఇంట్లో నా భార్య రెబెక్కా పిలిచినా "పిలిచావా?" అని రెండోసారి అడిగే అలవాటు నాకు అప్పుడే వచ్చింది. ఆమె దాన్ని చెవుడనుకుని రాజమండ్రిలో డాక్టరుకి చూపించింది. చెవులు బాగున్నాయన్నాడు.

పిల్లలకి మాత్రం గట్టిగా అరవడం నేర్పాను. పక్క ఊరికి కూడా వినబడేట్టు అరవమనేవాణ్ణి. మా గోల్ కీపర్ రూబీ అరిస్తే కాలవగట్టు మీది కొంగలు లేచిపోయేవి. ఇద్దరు పిల్లలు రాష్ట్ర జట్టుకి వెళ్ళారు. ఈ ఏడు దుర్గాసాయి వెళ్తుందని నాకు నమ్మకం.

ఈస్టరు అయిన కొద్ది రోజులకి తెలిసింది. ఒక కంపెనీ వాళ్ళు మా గ్రౌండులో ఆడపిల్లల కోసం అకాడమీ పెడతారట. పచ్చగడ్డి, లైట్లు, హాస్టలు, అన్నీ. గ్రౌండు చర్చిది కాబట్టి హెడ్ కోచ్ ఎవరో చర్చి కమిటీ చెప్పాలి. "ఇంకెవరండి, మీరే కదా" అన్నాడు కమిటీ సెక్రటరీ ఆరోన్ మాస్టారు. రెబెక్కా ఆ రాత్రి సేమ్యా చేసింది. ఒక మనిషి చేసిన పనికి ఆఖర్న ఒక పేరు దొరుకుతుందని నేను మొదటిసారి ఆశపడ్డాను.

ఆ వారమే శ్యాంబాబు వచ్చాడు. బెంగుళూరు ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాడట. నెరిసిన జుట్టు, నల్లకళ్ళద్దాలు, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. గ్రౌండులోకి వస్తూనే "ఒరే ఐజాకూ!" అని అరిచాడు. నా కాళ్ళు ముందు ఆగాయి, తర్వాత నేను తిరిగాను.

పిల్లలకి పూతరేకులు పంచాడు. "మీ సారు నా ముందు నిలబడితే నాకు పనే ఉండేది కాదమ్మా. గోల్‌లో నిలబడి కునుకు తీసేవాణ్ణి."

"అందుకేనాండి పొట్ట వచ్చింది?" అంది దుర్గాసాయి.

"చూశావా, నీ పిల్లలకి నోరు బాగానే నేర్పావు" అని పెద్దగా నవ్వాడు. అందరికీ నచ్చేశాడు. నాకూ. అదే విచిత్రం. అతను పక్కన కూర్చోగానే నా వీపు కండరాలు వదులయ్యాయి.

గట్టు మీద కూర్చుని అకాడమీ సంగతి చెప్పాను. అతను పూతరేకు పొర ఒక్కొక్కటే విప్పుతూ విన్నాడు.

"కమిటీ ఏమంటోంది?"

"ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుంటారు. కంపెనీ వాళ్ళు పెద్ద పేరున్నవాణ్ణి అడుగుతున్నారట."

"పేరుదేముందిరా. ఇన్నేళ్ళ నుంచి నేల దున్నింది నువ్వు. నాకెందుకీ కోచింగులు, నేను అలిసిపోయి వచ్చాను." వేళ్ళకి అంటిన నెయ్యి రుమాలుతో తుడుచుకున్నాడు. "నువ్వు వెళ్ళి ఎవర్నీ అడక్కు, బాగుండదు. కమిటీతో నేను చూసుకుంటాను."

‘నేను చూసుకుంటాను.’ ఆ మాట ఎక్కడ విన్నానో నాకు గుర్తుంది. గుర్తుండి కూడా ఊరట కలిగింది. మనసు ఒక విచిత్రమైన జంతువు. దెబ్బ తగిలిన చోటే వెళ్ళి పడుకుంటుంది. నేను ఆరోన్ మాస్టారి దగ్గరికి వెళ్ళలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆదివారం ప్రసంగం అయ్యాక మా పాస్టరు అయ్యగారు, "చాలాకాలానికి ఊరు చేరిన మన శ్యాంబాబుగారు కృతజ్ఞత కానుక ఇచ్చి సాక్ష్యం చెప్తారు" అన్నారు. మా గుడిలో అది మామూలే. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, ఊరు చేరినవాళ్ళు ముందుకి వచ్చి దేవుడు చేసిన మేలు చెప్తారు. చెప్పేటప్పుడు ఎవరూ అడ్డు మాట్లాడరు. సాక్ష్యానికి ఎదురు ప్రశ్న ఉండదు.

శ్యాంబాబు బలిపీఠం ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతులు ముందుకి కట్టుకుని.

"అయ్యగారికీ, పెద్దలకీ, మీ అందరికీ వందనాలండి. నన్ను ఎక్కడెక్కడో తిప్పి, నాకు బాప్తిస్మం ఇచ్చిన గుడికే దేవుడు మళ్ళీ తీసుకొచ్చాడు. కాని ఒక బరువుందండి. చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. ఇవాళ దించేసుకుందామని వచ్చాను."

చెప్పబోతున్నాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నాకు తెలియకుండానే బెంచీ అంచుకి జరిగాను. ఆడవాళ్ళ వైపు చూశాను. రెబెక్కా కూడా నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళకి నా చెవి నాకు తిరిగి దొరకబోతోందనుకున్నాను. అతను చెప్తే ఏమనాలో కూడా ఆలోచించుకున్నాను. ‘పోనీలేరా’ అనాలి, అంతకంటే ఎక్కువ అనకూడదు.

"నా ప్రాణస్నేహితుడొకడున్నాడండి. ఇక్కడే కూర్చున్నాడు. ఒకరోజు ఒక బంతిని వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో నేనెప్పుడూ అడగలేదు. అమ్ముడుపోయాడన్నారు, నేను అనలేదు. భయపడ్డాడన్నారు, నేను అనలేదు. పైకి అనలేదు గాని లోపల మాత్రం వాడి మీద కోపం పెట్టుకున్నానండి. మనుషులం కదా." కళ్ళజోడు తీశాడు. కారినవి నిజమైన కన్నీళ్ళే. "ఇవాళ దేవుని సన్నిధిలో ఆ కోపం వదిలేస్తున్నాను. ఐజాకూ, నిన్ను క్షమించానురా."

"ఆమేన్" అన్నారెవరో. తర్వాత అందరూ అన్నారు.

నింద వేస్తే కాదనొచ్చు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పొచ్చు. క్షమిస్తే ఏం చెయ్యాలి? ‘నేనేం చేశానని క్షమిస్తున్నావు’ అంటే, పశ్చాత్తాపం లేని రాతిగుండె అంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు. ఆ గుడిలో సగంమందికి ఆ బంతి సంగతే తెలియదు. వాళ్ళకి నా తప్పూ, దానికి దొరికిన క్షమా ఒకేసారి తెలిశాయి. ఒకటి లేకుండా ఇంకొకటి వాళ్ళ మనసులో ఇక ఉండదు.

అతను చేతులు చాచి నా బెంచీ దగ్గరికి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. నా చేతులూ లేచాయి. కౌగిలించుకున్నాడు. అతని చెంప తడి నా మెడకి తగిలింది. నా చెవిలో, ఎంతో ఆప్యాయంగా, "ఊరుకో. నేను చూసుకుంటాను" అన్నాడు.

బయటికి వస్తుంటే ముసలి సూరమ్మ నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు నాకు సండే స్కూలు చెప్పిన మనిషి. "పోనీలే నాయనా. వయసులో అందరం ఏదో ఒకటి చేస్తాం. అంత మంచి స్నేహితుణ్ణిచ్చాడు దేవుడు నీకు" అంది. ఆవిడ కళ్ళలో నా మీద ఉన్నది ప్రేమే. అందుకే భరించడం కష్టమైంది.

ఇంటికి వచ్చాక రెబెక్కా బైబిలు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"లేచి చెప్పొచ్చు కదండీ."

"ఏం చెప్పను?"

"అరిచాడని. అరిచి రాలేదని."

"ఎవరు విన్నారు?"

"మీరు విన్నారుగా! నాకు పెళ్ళైన కొత్తలో చెప్పారు. నేను నమ్మాను. ఇన్నేళ్ళూ నమ్మాను." చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. "ఇవాళ ఆయన అలా ఏడుస్తుంటే మాత్రం, ఒక్క నిమిషం..."

ఆపేసింది. నేను ఆమెని చూడలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి పప్పుకి తాలింపు పెట్టింది. అన్నం తిన్నాం. ఆ ఒక్క నిమిషం గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. అది మాత్రం అప్పట్నుంచి మా ఇంట్లోనే ఉంది, మూడో మనిషిలా.

సాయంత్రం ఆరోన్ మాస్టారు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు అడిగి, తాగకుండా పట్టుకున్నాడు.

"హెడ్ కోచ్ పని శ్యాంబాబుగారు వద్దంటే వద్దన్నారండి. మేమే బలవంతం చేశాం. మీ గురించి ఆయన ఒక్క చెడ్డ మాట అనలేదు. పైగా, ఐజాక్‌కి కూడా ఏదో ఒకటి చూడండి అన్నారు."

"ఏం చూశారు?"

"గ్రౌండ్ ఇన్‌చార్జి అండి. గీతలు, నెట్లు, తాళాలు, అన్నీ మీ చేతిలోనే. పిల్లల్ని మాత్రం... మీరేమీ అనుకోకండి ఐజాక్ గారూ. కంపెనీవాళ్ళు అడుగుతారు, పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. మాట ఒకటి వచ్చాక..."

"మాట నిన్నటిదాకా లేదు కదండీ."

"సాక్ష్యంలో చెప్పారు కదండీ మరి" అన్నాడు, అంతకంటే పెద్ద రుజువు ఉండదన్నట్టు.

అకాడమీ ప్రారంభానికి ఒక ఆట పెట్టారు. ఒకవైపు మా ఆడపిల్లలు, మరోవైపు పాత విద్యార్థులు. గోల్‌లో శ్యాంబాబు, ముందు నేను. "పాత జోడీని చూడాలని అందరి ముచ్చట" అని ఆరోన్ మాస్టారు రెండుసార్లు వచ్చి అడిగాడు. రానంటే క్షమ పుచ్చుకోనట్టు. ఒప్పుకున్నాను. కాని ఒప్పుకున్నది అందుకు కాదు. ఒక బంతి తప్పకుండా వస్తుందని నాకు తెలుసు. ఈసారి అతను అరుస్తాడు. ఈసారి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ మాట అర్థం తెలుసు. నేను వదలను. తలతో బయటికి కొట్టేస్తాను. ఎందుకు వదల్లేదని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్తాను. ఆ వారమంతా పడుకునేముందు ఆ బంతిని మనసులో కొడుతూనే ఉన్నాను.

ఆ రోజు షామియానా కింద కమిటీ, కంపెనీవాళ్ళు, అయ్యగారు, అమ్మగారు కూర్చున్నారు. మైకులో ఆరోన్ మాస్టారు వ్యాఖ్యానం. తెల్లవారగానే నేను గీతలు వేశాను. గాలి లేదు. సున్నం పోసినచోటే తెల్లగా ఉంది.

"సార్, మెల్లిగా కొడతాంలెండి, భయపడకండి" అంది సత్యవాణి, మా మిడ్‌ఫీల్డు పిల్ల.

"సార్‌కి మోకాలు నొప్పే, అయినా నాకు జాలి లేదు" అని దుర్గాసాయి నా పక్క నుంచి చేప జారినట్టు జారిపోయింది. జనం ఈలలు వేశారు. మోకాలు మండుతున్నా ఆ పిల్ల పరుగు చూసి నాకు గర్వమనిపించింది. ఆ మలుపు నేను నేర్పిందే.

కాసేపటికి ఆ బంతి వచ్చింది. సత్యవాణి ఎడమవైపు నుంచి పొడుగ్గా కొట్టింది. దుర్గాసాయి దానికోసం దూసుకొస్తోంది. నా తలకి సరిగ్గా అందే ఎత్తు. నేను పాదాలు కూడదీసుకున్నాను.

"నాది!"

కొట్టు, అనుకున్నాను. అనుకునేసరికే నా మెడ వంగిపోయి ఉంది. నా కాళ్ళు పక్కకి తప్పుకున్నాయి. వారమంతా నేను చేసిన నిర్ణయం వాటికి చేరనే లేదు. ఆ గొంతు వాటికి నాకంటే ముందు నుంచీ తెలుసు.

చేతుల్లో బంతి పడిన చప్పుడు వినిపించింది. మెత్తగా, గట్టిగా. తిరిగి చూస్తే శ్యాంబాబు గాల్లోంచి దిగుతున్నాడు, బంతి గుండెకి హత్తుకుని. జనం చప్పట్లు కొట్టారు. మైకు "శ్యాంబాబు గారూ!" అంది. అతను బంతిని నేలకి కొట్టి, మళ్ళీ పట్టుకుని, నా దగ్గరగా ఒంగి, నన్ను చూడకుండా అన్నాడు.

"ఈసారి వచ్చాను కదరా."

ఈసారి. ఆ మాటలో ఇంకో సారి ఉంది. అప్పుడు కూడా అరిచానని ఉంది. గాలి కాదని ఉంది. నా చెవులు బాగున్నాయన్న డాక్టరు కూడా ఉన్నాడు అందులో.

"మళ్ళీ అను" అన్నాను.

అతను షామియానా వైపు ఒకసారి చూశాడు. తర్వాత అందరికీ వినబడేట్టు, "పొజిషన్‌రా ఐజాకూ, పొజిషన్! పిల్లలు గోల్ కొట్టేస్తారు!" అని అరిచి బంతిని ఆకాశంలోకి తన్నాడు. గ్రౌండంతా నవ్వింది.

మిగతా ఆట ఎలా ఆడానో తెలియదు. ఇంటికి వెళ్ళి రెబెక్కాకి చెప్పడం గురించే ఆలోచిస్తున్నాను. చెప్తే ఆమె సంతోషిస్తుంది. సంతోషించేముందు మాత్రం, అలవాటుకొద్దీ, "నిజంగా అన్నాడా?" అంటుంది. ఆ ప్రశ్న నేను భరించలేను. కాబట్టి చెప్పను. ఆట అయ్యాక గ్రౌండు తాళాలు ఆరోన్ మాస్టారి ముందు బల్ల మీద పెట్టి, "ఈ పని నాకొద్దండి" అన్నాను. ఆయన చుట్టూ చూసి, "కోపంలో ఉన్నారు, రేపు మాట్లాడదాం" అన్నాడు.

గేటు దాకా వచ్చాను. వెనక నుంచి పరుగు చప్పుడు.

"సార్, ఒకటడగనాండి?" దుర్గాసాయి. ముఖమంతా చెమట, మోకాళ్ళకి సున్నం.

"అడుగమ్మా."

"బంతి పట్టుకున్నాక శ్యాంబాబు సారు ‘ఈసారి వచ్చాను కదరా’ అన్నారేంటండి? ముందెప్పుడు రాలేదు?"

నేను గేటు పట్టుకున్నాను. ఆ పిల్ల అక్కడే ఉంది, నిజమే. బంతి కోసం వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మా పక్కనే రొప్పుతూ నిలబడింది. లోకంలో ఇంకో జత చెవులు విన్నాయి. ఈ పిల్లని తీసుకెళ్ళి బలిపీఠం ముందు నిలబెట్టి చెప్పమంటే? ఎవరు వింటారు, గుడి మెట్లెక్కని చేపల మరిడమ్మ కూతురి మాట? విన్నా, రాష్ట్ర క్యాంపుకి పేర్లు పంపేది ఇక శ్యాంబాబు. నోరున్న పిల్ల. రేపు మెస్సులో అందరికీ చెప్తుంది. ఆ పరుగు ఈ గ్రౌండులోనే ఆగిపోతుంది. నా లెక్క అంత వేగంగా జరిగింది, అంత దయగా కూడా.

"అలా అనలేదమ్మా" అన్నాను. "గాలికి నీకు అలా అనిపించి ఉంటుంది."

"అంతేనంటారాండి?" అంది. వాదించలేదు. నేను చెప్తే వదిలెయ్యాలని నేనే నేర్పాను. చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది. చెమట తుడుచుకోవడానికే కావచ్చు. కాని ఆ ముఖం నాకు తెలుసు. డ్రెస్సింగ్ రూములో నా ముఖం నేను చూసుకోలేదు. శ్యాంబాబు చూసి ఉంటాడు. అప్పుడు అతనికి ఎంత తేలికైందో నాకు ఆ క్షణంలో అర్థమైంది. అతను కూడా దయగానే చేశాననుకుని ఉంటాడు.

ఆమె వెనక సున్నం గీతలు కనిపిస్తున్నాయి. తెల్లగా, ఒక్క బూడిద మచ్చ లేకుండా.

"దుర్గా, ఆగు."

తిరిగింది.

"అన్నాడు. నువ్వు సరిగ్గానే విన్నావు."

"మరి లేదన్నారేంటండి?"

"అబద్ధం చెప్పాను."

"దేనికండి?"

"నీ మంచికే అనుకున్నాను."

"మా నాన్న కూడా అలాగే అంటాడండి" అంది. నవ్వలేదు. "ఏంటండి మరి దాని అర్థం? ఎప్పుడు రాలేదు?"

"అది నా గొడవ. నువ్వు మొయ్యక్కర్లేదు. ఎవరితోనైనా అంటావో అనవో నీ ఇష్టం. కాని ఎవరు కాదన్నా, నేను కాదన్నా కూడా, విన్నది నీది. అది వదలకు."

"సరేనండి." బూటు కొనతో సున్నం మట్టి గీకింది. "సోమవారం రారాండి మీరు?"

"రాను."

ఆమె ఇంకేదో అనబోయింది. గ్రౌండు మధ్యలో శ్యాంబాబు అందరినీ ఫోటోకి నిలబెడుతున్నాడు. "అమ్మాయిలూ, తొందరగా రండి!" రూబీ చెయ్యి ఊపింది. దుర్గాసాయి నన్ను ఒకసారి చూసి పరుగెత్తింది. ముందు వరసలో మోకాళ్ళ మీద కూర్చుంది. వెనక వరసలో, శ్యాంబాబు పక్కన, ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"ఐజాకూ! రారా!" ఆ గొంతు గ్రౌండు దాటి వచ్చింది. "నీ చోటు ఉంచాను!"

షామియానా కింద అందరూ నా వైపు తిరిగి నవ్వుతున్నారు. సూరమ్మ రమ్మని చెయ్యి ఊపుతోంది. నా కుడికాలు అప్పటికే ఒక అడుగు అటు వేసింది. దాన్ని ఆపడానికి రెండు చేతులతో గేటు కమ్మీ పట్టుకోవలసి వచ్చింది.